పట్టాభి గారి అయిదు కొర్రీలు

కాగితం మీద అడగనిదే పట్టాభి గారు ఎవరికీ ఏ సాయమూ చేయరు. కాగితం మీద అడిగితే అది లేదు, ఇది లేదని కొర్రీ వేస్తారు. ఒక దేశంలో నేరం చేసి మరో దేశానికి పారిపోయినవాడిని పట్టి అప్పగించడానికి ప్రభుత్వాలు ఒకదానికొకటి ఏ తీరున రాసుకోవాలన్నది, ఆయన ఇరవై ఆరేళ్ళుగా కోల్‌కతాలో బోధిస్తున్న విషయం. దాన్ని తరగతి గదిలో వదిలి ఇంటికి రావడం మాత్రం ఆయనకు చేతకాలేదు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న కారుణ్య ఈ సంగతి మొదట గ్రహించింది గురువుగారి వంటింట్లోనే. ఊరగాయ సీసా మూత రాక, ఆయన భార్య లలితాంబ గారు ఒక చీటీ రాసి ముందుగదికి పంపారు. పదకొండు నిమిషాలకు జవాబు వచ్చింది: “ఏ సీసా? వస్తువును గుర్తించగల వివరాలు లేవు.”

“మాగాయ అని రాయమ్మా,” అన్నారు లలితాంబ గారు. “ఏ ఏడాదిదో కూడా వెయ్యి. లేకపోతే అదొక కొర్రీ.”

ఇంతలో పై వాటా మొండల్ గారు ధుమధుమలాడుతూ దిగివచ్చారు. “పట్టాభి దా! మీ పిల్లి మా ఇలిష్ చేప ముక్క ఎత్తుకుపోయింది. దాన్ని నాకు అప్పగించండి!”

“రెండు చోట్లా నేరమైతేనే అప్పగింత, దాదా. మా ఇంట చేపే వండరు. కనుక చేప దొంగతనమనే నేరం మా చట్టంలో లేదు.”

“మరి మొన్న మా పాలు తాగిందిగా?”

పట్టాభి గారు కళ్ళజోడు తుడుచుకుని ఆలోచించారు. “పాలైతే... రాసివ్వండి.”

కారుణ్యకు అది పరిశోధనలో అయిదో ఏడు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిలోగా సిద్ధాంత గ్రంథం సమర్పించకపోతే నమోదు రద్దవుతుంది. లిలువా రైల్వే వర్క్‌షాపులో రిటైరైన ఆమె తండ్రి దయానందం గారు అక్టోబరులోనే తేల్చి చెప్పారు.

“అయిదేళ్ళయిపోనాది. ఏటి చదువమ్మా ఇది? విశాఖలో మిషను స్కూలోళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. మీ సారు విడుదల కాగితం ఇస్తే నువ్వు కాదనకూడదు. సరేనా?”

తండ్రి మాట ఏనాడూ జవదాటని కారుణ్య తలూపింది. ఆ తరువాత ఆయన ఆ ఊసు ఎత్తలేదు. కదిపితే ఏమవుతుందోనని ఆమె కూడా అడగలేదు. అధ్యాయం తరువాత అధ్యాయం రాసుకుంటూ పోయింది.

ఫిబ్రవరి ఇరవై ఆరున గ్రంథం సమర్పించి, రసీదు పట్టుకుని గురువుగారి గదికి వెళ్ళేసరికి అక్కడ తండ్రి కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఒక ఫైలు: “అప్పగింత: కారుణ్య.”

“నెలకొకటి చొప్పున అయిదు కొర్రీలు వేసినారు సార్!” అంటున్నారు దయానందం గారు. “తెలుగు అనువాదం లేదన్నారు, రాయించినాను. మూడు ప్రతులన్నారు, తెచ్చినాను. ఇంకేటి కావాలి?”

కారుణ్య ఫైలు తిరగేసింది. నాలుగో కొర్రీ ఇలా ఉంది: “అయిదేళ్ళు చదవడం మీ ఇంట నేరం కావచ్చు. మా విభాగంలో అది ఆనవాయితీ.”

“సార్, నాకొక్క ముక్కైనా చెప్పలేదే!”

“చెబితే చివరి అధ్యాయం నిశ్చింతగా రాసేదానివా?” అన్నారు పట్టాభి గారు, ఎటో చూస్తూ. ఆమె చేతిలోని రసీదు తీసుకుని తేదీ, ముద్ర రెండుసార్లు సరిచూసుకున్నారు. అప్పుడు దయానందం గారి వైపు తిరిగారు. “మీ అభ్యర్థన ఇప్పుడు అన్ని విధాలా సక్రమంగా ఉంది. అప్పగిస్తున్నాను.”

దయానందం గారు రసీదు కేసి, కూతురి కేసి, ఫైలు కేసి చూశారు. ఆయన మీసాల కింద నవ్వు కదిలింది. “అయితే ఇన్నాళ్ళూ నన్ను ఆపడానికా సార్, ఇదంతా?”

“షరతు ఒకటుంది,” అన్నారు పట్టాభి గారు ఆ ప్రశ్న విననట్టే. “ఏ కారణం చూపి తీసుకెళతారో ఆ ఒక్క విషయమే నడపాలి. మీరు ఉద్యోగమని రాశారు. ఇంటికి తీసుకెళ్ళాక పెళ్ళని కొత్త కేసు పెట్టరాదు.”

“నేను ఊరుకుంటాను గానీ, మాయమ్మ, దీని నాయనమ్మ అచ్చమ్మ, ఊరుకోదండీ.”

“ఆవిడను విడిగా రాయమనండి,” అన్నారు పట్టాభి గారు, సొరుగులోంచి కొత్త ఫైలు తీస్తూ. “కొర్రీలు వేయడానికి నాకు తీరిక ఉంది.”