వంకాయల బుట్టతో వసూళ్లు

రాజాంలో మాది చిన్న ఫైనాన్స్. కొట్లవాళ్లకు అప్పులిచ్చి, రోజూ పొద్దున్నే బండి మీద తిరిగి వాయిదాలు వసూలు చేసుకునేవాణ్ని. కరోనా రోజుల్లో బండి బయటికి తీస్తే పోలీసులు లాఠీ ఊపేవారు. కూరగాయలవాళ్లను మాత్రం పొద్దున పూట వదిలేవారు. ఇంకేం, బండి వెనక వంకాయల బుట్ట కట్టుకుని దర్జాగా వసూళ్లకు బయల్దేరాను!

కిరాణా కొట్టు పైడమ్మ గుమ్మం ముందు ఆగేసరికి వెనకే ఓ కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాడు.

"ఏటమ్మా, ఈయన నిజంగా కూరగాయలే అమ్ముతన్నాడా?" అని అడిగాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ నిజం చెప్పిందంటే నా బండి స్టేషన్‌కే!

పైడమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "కూరగాయలే బాబూ. మా కాడ డబ్బులు కూడా తీసుకోడు, ధర్మాత్ముడు!" అంటూ సగం వంకాయలు చెంగులో పోసుకుంది. అది విని ఇరుగుపొరుగు గిన్నెలతో వచ్చేశారు. కానిస్టేబుల్ ఎదురుగా ఉంటే వద్దనేదెలా?

ఖాళీ బుట్టతో ఇంటికొచ్చి, ఇకనుంచి వాయిదాలు ఫోన్‌లోనే వేసెయ్యమని అందరికీ చెప్పాను. సాయంత్రం మొట్టమొదట పైడమ్మదే పడింది, పది రూపాయలు తక్కువగా. ఇదేమిటని ఫోన్ చేశాను.

"నీ వంకాయల్లో పుచ్చులున్నాయి బాబూ, ఆటికి కోసీసినాను. పోలీసు కాడ నిన్ను కాసినందుకు ఏటీ కొయ్యలేదు, అది సూడు!" అంది.

వడ్డీ లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరనుకునేవాణ్ని, ఆ రోజు దాకా.