పతి నేను, వ్రతం ఆయనది

సవతి పోరు ఆడవాళ్ళకే ఉంటుందని లోకం అనుకుంటుంది. లోకం మా ఇంట్లో కాపురం చేయలేదు కాబట్టి అలా అనుకుంటుంది.

మా ఆవిడ జీవితంలో నాకంటే ముందునుంచీ ఒకాయన ఉన్నాడు. నల్లనివాడు, నగలవాడు, ఇప్పటికే ఇద్దరు భార్యలున్నవాడు. కాపురం కొండమీద. తిరుపతిలో మా మిద్దె ఎక్కి చూస్తే ఆయన ఇంటికి పోయే మెట్లదారి దీపాలు కనిపిస్తాయి. ఆవిడ రోజూ తెల్లారగానే అటు తిరిగి దండం పెట్టాకే నావైపు తిరుగుతుంది. అదీ కాఫీ ఇవ్వడానికి. మా ఆవిడ పతివ్రత అని బంధువులందరూ మెచ్చుకుంటారు. నిజమే. పతి నేను, వ్రతం ఆయనది.

ఇంకో అన్యాయం కూడా చెప్పాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేను బస్సు కండక్టర్ని. ఎక్కువకాలం చేసింది కొండ బస్సులోనే. అంటే నా ప్రత్యర్థి ఇంటికి రోజూ బండ్లకొద్దీ చుట్టాలను చేరవేసి, దానికి జీతం తీసుకున్నవాణ్ణి. పెళ్ళైన కొత్తలో ఆవిడ అప్పుడప్పుడు నా బస్సే చూసుకుని ఎక్కేది. ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చునేది. నేను టికెట్ కొట్టే నెపంతో పదేపదే ముందుకు పోయేవాణ్ణి. "ఏం బావా, ఒక మనిషికి ఎన్ని టికెట్లు ఇస్తావు?" అని నవ్వేది. ఆవిడ మా మేనమామ కూతురు, కార్వేటినగరం పిల్ల. చిన్నప్పటినుంచీ నన్ను వెక్కిరించే హక్కు ఆమెకుంది. అయితే ఘాట్ రోడ్డు మలుపులు మొదలైతే నన్ను మరిచిపోయేది. ప్రతి మలుపులోనూ కొండ శిఖరం కోసం మెడ తిప్పేది. నేను ఆ మెడ చూసేవాణ్ణి. మేమిద్దరం ఒకే బస్సులో వేరువేరు స్వామి దర్శనాలకు పోతున్నట్టుండేది.

అప్పటి అసూయ తియ్యటిది, పచ్చి మామిడికాయకి ఉప్పుకారం అద్దుకున్నట్టు. తర్వాత వచ్చిన అసూయ వేరు.

మాకు ఒక పాప ఉండేది. ఎనిమిదో ఏడు నడుస్తుండగా జ్వరం వచ్చి మాకు దక్కకుండా పోయింది. జ్వరం తగిలిన రోజు మా ఆవిడ ఊళ్ళో లేదు. వాళ్ళమ్మకు ఒంట్లో బాగలేదని కార్వేటినగరం పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాను. మరునాటికి అది మామూలుది కాదని తెలిసి, పాపను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. కబురు అంది, బస్సు దొరికి, ఆవిడ పుత్తూరు మీదుగా తిరుపతి చేరేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత కొడుకు పుట్టాడు. ఇప్పుడు నాయుడుపేటలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు, నెలకోసారి వచ్చి మా ఇద్దరి బీపీ మాత్రలూ సరిచూసి పోతాడు. సంతోషాలు లేకపోలేదు. కానీ మా ఇద్దరి మధ్య పాప మాట మాత్రం రాలేదు. ఎవరూ నిషేధం పెట్టలేదు, అదే ఆగిపోయింది.

నా దగ్గర ఆగింది గానీ ఆయన దగ్గర ఆగలేదు. పొద్దున దీపం వెలిగించి, ఆవిడ పటం ముందు కూర్చుని మాట్లాడుతుంది. అవి స్తోత్రాలూ మంత్రాలూ కావు, మాటలు. కొళాయిలో నీళ్ళు రాలేదని, కోడలికి దగ్గు తగ్గిందని, మోకాలు పీకుతోందని. నేను కాఫీ గ్లాసుతో గడప దగ్గరికి వస్తే గొంతు తగ్గిపోతుంది. చెవి రిక్కించి నిలబడితే మధ్యలో 'పాప' అన్న మాట ఒక్కటే నాకు దొరికేది. ఏమి చెప్పుకునేదో తెలీదు. నా కూతురి గురించి, నా భార్య, నా ఇంట్లో, పరాయివాడితో రహస్యంగా మాట్లాడుతుంది. ఆయన ఏడుకొండలవాడు కావచ్చు, నేను వట్టి ఏడుపుగొట్టువాణ్ణి అయ్యాను.

మొన్న దసరా రోజుల్లో వచ్చే పెరటాసి నెలలో ఆవిడ కొళాయి దగ్గర కాలు జారి మడమ విరగ్గొట్టుకుంది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాం. ఆకు పసరు, గుడ్డ, వెదురు దబ్బలు. కట్టు విప్పేదాకా అడుగు కింద పెట్టొద్దన్నారు. ఆవిడ నొప్పికి ఏడవలేదు, శనివారం వస్తోందని ఏడ్చింది.

మా వైపు పెరటాసి శనివారాలకు ఒక ఆచారం ఉంది. ఇంట్లో బస్తాల బియ్యం ఉన్నా సరే, ఆ పూట చెంబుకు నామం పెట్టి, మనమూ పెట్టుకుని, "గోవిందా" అంటూ నాలుగిళ్ళ ముందు నిలబడి అడుక్కోవాలి. ఆ బియ్యం మన బియ్యంలో కలిపి వండి, అరటాకు మీద అన్నం, పులిహోర, పొంగలి, మిరియాల వడలు పెట్టి తళిగ వేయాలి. పిండి దీపం వెలిగించి స్వామికి చూపించాకే మనం తినాలి. అంతవరకూ వండినామె కూడా ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసి చూడకూడదు.

"ఈ తూరి నువ్వు పో బావా," అంది.

"నేనా? ఆయన భోజనానికి నేను అడుక్కోవాలా?"

"ఆయనేమన్నా నిన్ను అడిగినాడా? నేను అడగతా ఉండాను."

కుర్చీలో కూర్చున్నచోటునుంచే నన్ను వంగమని, నుదుట నామం దిద్దింది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు అధికారికంగా నామం పెట్టడం అదే మొదలు. అనధికారికంగా ఎన్ని పెట్టిందో నాకు తెలీదు.

మొదటి ఇంటి ముందు నిలబడి "గోవిందా" అన్నాను. బస్సు వాకిట్లో నిలబడి "పుత్తూరు, నారాయణవనం, పుత్తూరు" అని అరిచిన గొంతు కదా, అదే రాగం వచ్చింది. లోపలినుంచి ఒకామె చేటతో వచ్చి నన్ను చూసి నోరు కొంగుతో మూసుకుంది.

"ఏందన్నా, బస్సు యాడికి పోతాది?"

"కొండకమ్మా. సీట్లు ఖాళీగా ఉండాయి, బియ్యం వెయ్యి."

నవ్వుతూనే వేసింది. రెండో ఇల్లూ అట్లే గడిచింది. మూడోది సందు చివర ఉండే అవ్వది. చిత్తూరు వైపునుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ముసలామె. మా ఆవిడకు బాగా చేరిక. చెంబులో ఒక పిడికెడు వేసింది. మళ్ళీ లోపలికి పోయి ఇంకో పిడికెడు తెచ్చి, దాన్ని కళ్ళకద్దుకుని వేసింది.

"ఇదేంది అవ్వా, రెండోది?"

"పాపకి నాయనా. మీ ఆమె వచ్చినప్పుడల్లా నేను ఏసేదే కదా. నీకు తెలీదా?"

"తెలుసు," అన్నాను. తెలీదు. లోపల కుళ్ళు కుతకుతమంది. ఆయన ఒక్కడే అనుకున్నాను, సందు చివర అవ్వకి కూడా చెప్పుకుంది. నాకు తప్ప అందరికీ.

అవ్వ అంతటితో ఆగలేదు. "పాపం, ఆయమ్మకి నీమీద ఒకటే కుళ్ళు."

"నామీదనా?"

"ఊ. బిడ్డ కడపటి మాటలు నీకే సెప్పి పోయిందంట గదా. 'ఆయన కాడ ఉండాది అవ్వా, నాకు పెట్టడు' అంటాది. నిన్ను అడగాలంటే బయమంట. అందుకని పొద్దున్నే సామిని అడగతాదంట, నా బిడ్డ ఏమనింది ఏమనింది అని. ఆ సామికి సెప్పే నోరుంటే మనకి ఈ కర్మేంది సెప్పు?"

నాలుగో ఇంటికి పోయానో లేదో గుర్తులేదు. చెంబు పట్టుకుని నడుస్తున్నాను. ఆవిడ ఆయనకేదో చెబుతోందని నేను కుళ్ళుతూ వచ్చాను. ఆవిడ చెప్పడం లేదు, అడుగుతోంది. ఆవిడ అడిగేది నా దగ్గర ఉంది.

నేనెందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. పాప చెప్పిన మాట అలాంటిది. అది వింటే మా ఆవిడ ఆయన్ను తప్పుపడుతుందో, పాపను తప్పుపడుతుందో, రెండూ భరించలేననుకున్నాను. అదొక కారణం, పైకి చెప్పుకోదగ్గది. రెండోది కాస్త సిగ్గుపడాల్సింది. పాప గౌన్లు, పలక, పాలపళ్ళు అన్నీ ఆవిడ పెట్టెలో ఉన్నాయి. ఆ నాలుగు మాటలే నా పెట్టె. పంచితే తరిగిపోతాయని దాచుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ కట్టుకాలు ముందుకు చాపి, ఎత్తుపీట మీద కూర్చుని, కింద పెట్టిన స్టవ్ మీద వడలు వేయిస్తోంది. చెంబు అందుకుని, చేత్తో బియ్యం కలిపి చూసి, "అవ్వ ఇంట్లో ఉండాదా?" అంది.

"ఉండాది. రెండు పిడికిళ్ళు వేసింది."

నూనెలో వడ తిప్పే చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

అన్నం ఉడికింది. అరటాకు పరిచి తళిగ వేశాం. ఆవిడ చెప్పడం, నేను పెట్టడం. పొంగలి కుడివైపు పెట్టమంటే ఎడమవైపు పెట్టి తిట్లు తిన్నాను. పిండి దీపంలో నెయ్యి పోసి, వత్తి వేసి, అగ్గిపుల్ల గీసేముందు ఆవిడ పటం వైపు తిరిగి సన్నగా మొదలుపెట్టింది. ఆ సమయానికి నేను లేచి వరండాలోకి పోవడం అలవాటు. ఆ రోజు పోలేదు. పక్కన చతికిలబడ్డాను.

"ఏం బావా, ఈడ కూసున్నావు?"

"నేనూ వింటాను."

"నాకూ ఆయనకీ మధ్య నీకేం పని?"

"ఆయన్ని అడిగేది నన్నే అడగరాదా?"

అగ్గిపెట్టె కింద పెట్టేసింది. ఆకు అంచు సర్దింది. తర్వాత, నాతో కాదు, ఆకుతో అన్నట్టు అంది: "పాప ఏమనింది?"

చెప్పాను. ఆస్పత్రి మంచం మీద పాప నా చెవి తన దగ్గరికి లాక్కుని చెప్పింది. "నాయనా, అమ్మకి చెప్పొద్దు. శనివారం తళిగ వెయ్యకముందే వడలు తినేసినాను. సామికి కోపమొచ్చి జ్వరం పెట్టినాడా?" అని. సామికి కోపం రాదమ్మా, ఆయనతో నేను మాట్లాడతాను, నువ్వు పండుకో అన్నాను. పండుకుంది. అంతే. ఆయనతో నేను ఆ తర్వాత మాట్లాడలేదు. ఆవిడతోనూ మాట్లాడలేదు.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. కళ్ళు పెద్దవి చేసుకుని నావైపు తిరిగింది.

"వడలా! ఆ శనివారమా? అది పాపనా?"

"ఏమైంది?"

"నేను పిల్లి అనుకుంటిని బావా! పిల్లి మూతి పెట్టిందని ఆ గిన్నె అంతా అవతల పెట్టేసి, మళ్ళా పప్పు నానబోసి, రుబ్బి, వేరే వడలు చేసినా. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి 'ఇంకా తళిగ కాలేదా, ఆకలి' అని అరిచినావు గదా! సామికి పెట్టింది వేరే బావా. ఎంగిలి ఆయన దాకా పోనేలేదు. బిడ్డ తప్పేమీ చెయ్యలేదు."

అరిచిన సంగతి నాకు గుర్తులేదు. కానీ ఆవిడ చెబితే అరిచే ఉంటాను. బిడ్డ తప్పేమీ చెయ్యలేదు అన్న మాట ఆవిడ మూడునాలుగుసార్లు అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పుత్తూరు కట్టు కాలు అడ్డంగా ఉండడంతో దగ్గరికి జరగడం కూడా సరిగా కుదరలేదు. ఆవిడ భుజం మీద ఒక చెయ్యి, పొంగలి గిన్నె మీద ఒక చెయ్యి వేసి కూర్చున్నాను.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "ఎట్లుండాయనింది?" అని అడిగింది.

"ఏవి?"

"వడలయ్యా. తినింది గదా. ఎట్లుండాయో చెప్పలేదా?"

చెప్పింది. నేను మరిచిపోలేదు. జ్వరంలో కూడా మొహం చిట్లించి చెప్పింది. "ఉప్పు చాల్లేదు నాయనా అనింది."

మా ఆవిడ నవ్విన నవ్వు వంటింటి గోడలకు తగిలింది. ముక్కు కారుతూ, కళ్ళు కారుతూ నవ్వింది. నవ్వుతూనే చెయ్యి చాపి ఆకు మీది వడ ఒకటి తీసింది. దీపం ఇంకా వెలిగించలేదు. ఆయన ఇంకా చూడలేదు.

"ఇదిగో, ఉప్పు సూడు."

"ఏమే, ఆయనకి ఇంకా..."

"ఇన్నేండ్లుగా తింటా ఉండాడు. ఉప్పు తక్కువని ఒక్కనాడన్నా చెప్పినాడా? నువ్వు తిని చెప్పు."

వడ విరిచి సగం నా నోట్లో పెట్టింది, సగం తన నోట్లో వేసుకుంది. మిరియం ఘాటుగా తగిలింది. ఉప్పు తక్కువే. అదే చెప్పాను. పటంలో ఆయన కళ్ళు ఎప్పటిలాగే నామం చాటున ఉన్నాయి. చూశాడో లేదో చెప్పలేను. చూసి ఉంటే బాగుండునని మాత్రం అనుకున్నాను.