కళ్లు మూయించి ఆడిన పరాచికం

మా చిత్తూరు సంఘంలో ప్రతి ఆదివారం ఆరాధన నడుమ పాలకుల కోసం ప్రార్థన ఉంటుంది. వంతులవారీగా ఒక్కొక్కరం చేస్తాం. ఎవరికి ఓటేశామన్నది అక్కడ లెక్కకు రాదు. గెలిచినవాడి కోసం అందరమూ కళ్లు మూసుకోవలసిందే. ఎన్నికలైన కొత్తలో ఆ వంతు నాకొచ్చింది. గెలిచినాయన నాకు బొత్తిగా గిట్టడు.

నాకు చిన్నప్పటినుంచీ నోటిదూల. "ప్రభువా, మా నాయకునికి జ్ఞానము దయచేయుము. మొదటినుండి ఇయ్యవలసియున్నది గనుక కొంచెం త్వరపడుము" అన్నాను.

కళ్లు మూసుకున్న జనం కిసుక్కుమన్నారు. పాస్టరుగారి భుజాలు కదలడం ఓరకంట చూశాను. ఆరాధన అయ్యాక ముగ్గురు వచ్చి చెయ్యి కలిపారు. దాచడమెందుకు, గర్వపడ్డాను కూడా.

ఆ రోజునుంచి అన్న నాతో మాట్లాడటం మానేశాడు. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మా సంఘపెద్ద. ఆ నాయకుడికి వీరాభిమాని. ఆరాధన అయ్యాక చర్చి ఎదురుగా టీ అంగట్లో కూర్చుని రాజకీయాలు వాదించుకోవడం మా ఇద్దరికీ ఏళ్లనాటి అలవాటు. అలాంటిది మూడు ఆదివారాలు ఆయన అంగడి వైపు చూడకుండానే తన ఊరి బస్సెక్కాడు. నేను ఒక్కణ్ణే టీ తాగాను. ఏమీ బాగాలేదు.

ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. టీ అంగట్లో ఆ నాయకుణ్ణి ఇంతకంటే ఘోరంగా వెక్కిరించేవాణ్ణి. అన్న పొట్ట పట్టుకుని నవ్వి, మా పార్టీ ఆయన్ని అంతకు రెండింతలు వెక్కిరించేవాడు. మరి విశ్వాసికి నవ్వు ఎందాకా చెల్లుతుంది? పాస్టరుగారినే అడిగాను. ఆయన గొంతు సవరించుకుని, "ప్రేమ ఉన్నందాకా" అన్నారు. తానూ నవ్వినవారే, ఇంకేం చెబుతారు పాపం.

నాలుగో ఆదివారం బస్టాపుకే వెళ్లి అడ్డంగా నిలబడ్డాను.

"అన్నా, అంత కోపమొచ్చే మాట ఏమంటి నేను?"

"మాటకు గాదబ్బా. టీ అంగట్లో నువ్వొకటంటే నేను రెండంటా. ఆడ మా అందరికీ కండ్లు మూయిచ్చి కొట్టినావే! ప్రార్థనలో ఎవురన్నా ఎదురు సెప్తారా?"

నా తల వాలిపోయింది. "తప్పైపోయిందన్నా" అన్నాను. మనసారా అన్నాను. బస్సు వచ్చింది. అన్న ఎక్కలేదు.

ఇద్దరం టీ అంగడికి నడిచాం. ఇన్నేళ్లు వాదించాను గానీ ఒక్క ప్రశ్న మాత్రం ఎప్పుడూ వేయలేదని దారిలో తట్టింది. కూర్చోగానే అడిగేశాను.

"అసలు ఆయనంటే నీకెందుకన్నా అంత అభిమానం?"

అన్న టీ ఊదుకుంటూ చెప్పాడు. "మాయమ్మ సచ్చిపోయిన దినం, పూడ్సేదానికి తావు ల్యాదని ఊరోళ్లు పొద్దున్నించీ తిప్పినారు మమ్మల్ని. ఆయన పార్టీవాళ్లే వచ్చినారు. నిలబడి తావు ఇప్పిచ్చినారు. ఇంగేం గావాలబ్బా నాకు?"

ఆ రోజు నేనూ అన్న ఊళ్లోనే ఉన్నాను. పందిట్లో ముందు వరసలో కూర్చుని పాటలు పాడాను. పొద్దుగూకుతున్నా శవం లేవలేదని విసుక్కున్నాను గానీ, ఎందుకని ఎవర్నీ అడగలేదు.