కొట్టని చప్పట్లు

నా చిన్నప్పుడు పట్నం పోవడమంటే ఇంట్లో అందరికీ చార్మినార్, నాకు మాత్రం సద్దిమూట కాపలా. మా సూర్యాపేట నుంచి మొదటిసారి హైదరాబాదు తీసుకుపోయినప్పుడు మా పెదనాయన, ఆయన కొడుకులిద్దరూ చార్మినార్ ఎక్కారు. నేను కింద చెప్పుల దగ్గర కూర్చున్నాను. గోల్కొండలోనూ అంతే. కోట వాకిట్లో గుమ్మటం కింద చప్పట్లు కొడితే గుట్ట కొసన ఉన్నవాళ్ళకు వినిపిస్తుంది. ఆ వింత వాళ్ళు పైన నిలబడి విన్నారు. కొట్టింది నేను. తిరిగొచ్చాక వాడకట్టంతా ఆ ముచ్చటే చెప్పుకున్నారు గాని, కొట్టిందెవరో ఒక్కరూ చెప్పలేదు.

ఉద్యమపు గలాటాలు సద్దుమణిగి బస్సులు మళ్ళీ సరిగ్గా నడిచిన ఏడాది రెండోసారి బయలుదేరాం. శనివారం పోయి ఆదివారం రావాలి. ఈసారి మా మేనత్త కూడా వచ్చింది. ఆమె పెదనాయనకు అక్క. పెళ్ళిళ్ళకని ఎన్నిసార్లు పట్నం పోయినా వంటలు చేసి రావడమే తప్ప ఏమీ చూసింది లేదు. దారి పొడుగునా నేను ఈసారి ఎక్కుతానని గొణుగుతూనే ఉన్నాను. పెదనాయన విననట్టే కూర్చున్నాడు.

చార్మినార్ దగ్గర మళ్ళీ చెప్పులే. రాజుల సమాధుల దగ్గర మళ్ళీ మూటే. ఆదివారం పొద్దున గోల్కొండ వాకిట్లో పెదనాయన మూట నా ఒళ్ళో పెట్టాడు.

"పైకి పోయి తువ్వాల ఊపుతం. జోరుగ కొట్టు పిల్లా."

కోపంతో మూటను పక్కకు నెట్టాను. అయినా చాలాసేపటికి పైన తువ్వాల కదలగానే చేతులు వాటంతటవే లేచాయి. నాతోపాటు కిందే ఉండిపోయిన మేనత్త నా మణికట్టు పట్టుకుంది.

"కొట్టకు. దిగొస్తరు సూడు."

తువ్వాల ఊగింది, ఆగింది, మళ్ళీ ఊగింది. చివరికి కొడుకులను పైనే ఉంచి పెదనాయన ఒక్కడే చెమటలు కక్కుతూ దిగొచ్చాడు.

"ఏమైందే, చేతులు పడిపోయినయా?"

"దానికేం కాలే తమ్మీ," అంది మేనత్త. "పోయినసారి అది కొట్టింది, నువ్వు విన్నవ్. ఇయ్యాల నువ్వు కొట్టు, అది వింటది."

"ఆడపిల్లకు గుట్టలెక్కుడేందే అక్కా?"

"మూట మోపినప్పుడు ఆడపిల్లని యాదికి రాలేదా? ఇగ గీడ కూసో. మల్ల ఎక్కే ఓపిక నీకెట్లాగూ లేదు."

నిజంగానే లేదు. రొప్పుతూ మూట పక్కన కూలబడ్డాడు. మేనత్త కొంగు నడుముకు చుట్టి నా చేయి పట్టుకుంది.

పైకెక్కి ఆమె కొంగు ఊపింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు. మళ్ళీ ఊపింది. కింద పెదనాయన చేతులు కట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. మేనత్త నవ్వింది.

"కొట్టకుంటే కొట్టకపాయె. ఎక్కినం గద. గటు సూడు."

నిన్న నేను మూటతో కూర్చున్న సమాధుల గుమ్మటాలు దూరంగా, బోర్లించిన గిన్నెలంత కనిపించాయి.

నన్ను కింద కూర్చోబెట్టి పైకి పోయేవాళ్ళ కోసం ఆనాటి నుంచీ నా చేతులు లేవవు. ఇంట్లో దీన్ని మొండితనం అంటారు, అననీ. ఎక్కిన చోట ఎవరి చప్పట్ల కోసమూ ఆగకూడదని కూడా ఆ రోజే నేర్చుకున్నాను. ఆగను. కానీ ఆయన కొట్టలేదన్న సంగతి మాత్రం మరిచిపోలేదు.