నేను అతికించిన ఫ్లాంజ్

2006 ఫిబ్రవరిలో నేను కువైట్‌లోని ఒక ఇంజనీరింగ్ కాంట్రాక్టు సంస్థలో సీనియర్ స్ట్రెస్ ఇంజనీరుగా ఉన్నాను. సాల్మియాలో కాపురం, అహ్మదీ వైపు ఆఫీసు. యంత్రభాగాన్ని కంప్యూటర్లో వేలాది చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒత్తిడికి ఏ ముక్క ఎంత సాగుతుందో, ఎక్కడ విరుగుతుందో లెక్కగట్టడం నా పని. ఆ ముక్కల అల్లికను మెష్ అంటాం.

ఆ నెల నాకు అప్పగించింది ఒక పాత హీట్ ఎక్స్ఛేంజర్ మూత. నా భుజాల ఎత్తున్న ఫ్లాంజులు, అంటే బోల్టులతో కలిపి బిగించే గుండ్రటి ఉక్కు అంచులు రెండు, మధ్య కారకుండా ఆపే గ్యాస్కెట్, చుట్టూ ముప్పైరెండు బోల్టులు. మరమ్మతు అయ్యాక నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూసే హైడ్రోటెస్టులో రెండుసార్లు ఒకేచోట కారింది. లోపల నడవాల్సింది మండే గ్యాసు. లోపం ఫ్లాంజ్‌దా, బిగించిన ఫిట్టర్లదా తేల్చమన్నారు.

రెండు భాగాలు తాకేచోటే మా లెక్కలకు చిక్కు. లోహం సాగడం క్రమంగా జరుగుతుంది. తాకడం అలా కాదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. నా మోడల్‌లో గ్యాస్కెట్ ఒక అడుగులో తాకేది, మరుసటి అడుగులో విడిపోయేది, మళ్ళీ తాకేది. లెక్క ఏ జవాబు దగ్గరా నిలవక ఆగిపోయేది. మూడు రోజులు విసిగి, గ్యాస్కెట్‌ను రెండు ఫ్లాంజుల ముఖాలకూ అతికించినట్టు పెట్టాను. పని త్వరగా కావాలంటే మా వృత్తిలో చాలామంది చేసేదే. పది నిమిషాల్లో లెక్క ముగిసింది. ఒత్తిళ్ళన్నీ హద్దులోనే ఉన్నాయి. ఫ్లాంజ్‌లో లోపం లేదని రాసి సంతకం చేశాను.

సంతకం చేసిన నాలుగో రోజు ఉదయం ఓబులేసు అనే హెడ్ ఫిట్టర్ మా ఆఫీసుకు వచ్చాడు. కడప జిల్లా మనిషి, యాభైకి దగ్గర పడినవాడు. ఆ మూత బిగించిన జట్టుకు అతనే పెద్ద. మట్టి అంటిన బూట్లు గుమ్మం బయటే విప్పి లోపలికి వచ్చాడు.

"మేడం, మీ కాగితం చూపిచ్చి నా ఇఖామా క్యాన్సిల్ చేస్తామంటాండారు. ఖలాస్, ఇంటికి పొమ్మంటాండారు. నేను సరిగ్గానే బిగిచ్చినా. ఒక్కతూరి వచ్చి చూడండి. ఆ తర్వాత మీరేమన్నా సరే."

ఇఖామా అంటే అక్కడ ఉండి పనిచేసేందుకు ఇచ్చే అనుమతి; అది పోతే బతుకుతెరువు పోయినట్టే. అయినా అతని గొంతులో బతిమాలడం లేదు. మధ్యాహ్నం సైటుకు వెళ్ళాను. విప్పిన గ్యాస్కెట్ చెక్కల మీద పరిచి ఉంది. అంతటా నలిగి మెరుస్తోంది. పదకొండో బోల్టుకు ఎదురుగా మాత్రం బెత్తెడు మేర నలగలేదు. ఫ్లాంజ్ మీద అదేచోట అతను సుద్దతో గీత గీసి ఉంచాడు.

"తొమ్మిదో బోల్టు కాడ పాత వెల్డింగ్ ఉండాది మేడం. ముఖం ఆడ లోపలికి పోయినాది. తొమ్మిది బిగిస్తే పదకొండు లూజైతాది. మళ్ళీ పదకొండు పడితే తొమ్మిది వదుల్తాది. రెంచి పట్టుకున్న చేతికి తెలుస్తాది." సుద్దగీత చూపించి అడిగాడు: "మీ కంప్యూటర్లో అది విడిపోయినట్టు కనపల్లేదా?"

నా మోడల్‌లో అది విడిపోలేదు, ఎందుకంటే విడిపోవడానికి నేను వీలు ఇవ్వలేదు. కారుతుందా అని అడిగితే, కారడం అసాధ్యమైన వస్తువును తయారుచేసి, కారదని చెప్పాను.

రిపోర్టు వెనక్కి తీసుకుంటానన్నప్పుడు, ఈజిప్టు దేశస్థుడైన మా సెక్షన్ హెడ్ నా పేరు పాడవుతుందని హెచ్చరించాడు. అయినా రెండు రోజులు గడువిచ్చాడు. ఓబులేసు ఇనుప పట్టీ ఆనించి, సన్నటి రేకులు దూర్చి ప్రతి బోల్టు దగ్గరా ముఖం ఎంత లోతుందో కొలిచిపెట్టాడు. ఆ కొలతలతో ఆకారాన్ని సరిదిద్దాను. అతుకు తీసేశాను. తాకే ముఖాల దగ్గర మెష్‌ను మరింత సన్నం చేశాను. భాగాలు గాలిలో తేలిపోకుండా, బలం పెట్టకముందే మెల్లగా జరిపి ఒకదానికొకటి ఆనించాను. చివరికి బోల్టులను ఒక్కసారిగా కాక, అతను బిగించిన వరుసలోనే ఒక్కొక్కటిగా బిగించాను.

కొలతల్లో పల్లం తొమ్మిదో బోల్టు దగ్గర ఎక్కువ. కాబట్టి గ్యాస్కెట్ అక్కడే విడిపోతుందని నేను అనుకున్నాను. లెక్క నిలిచింది. తెరమీద గ్యాస్కెట్ తాకినచోటును చూపే ఎర్రటి వలయం చుట్టూ తిరిగి వచ్చి, పదకొండో బోల్టు దగ్గర తెగిపోయింది. తొమ్మిది బిగుసుకుంటూ పదకొండును వదులు చేసేసింది. సుద్దగీత సంగతి కంప్యూటర్‌కు నేను చెప్పలేదు. లక్షల సమీకరణాలు రెండు రోజులు పెనుగులాడి చేరిన చోటికి, ఈ మనిషి మణికట్టు ఏనాడో చేరింది.

అతన్ని పిలిపించి చూపించాను. తెర దగ్గరికి వంగి, వలయం తెగినచోట వేలు పెట్టాడు.

"ఇదే మేడం, ఇదే చోటు. లోపలికి దూరి చూసినట్టుండాదే!" అన్నాడు. నన్ను చూసి కాదు, ఆ బొమ్మనే చూస్తూ. అప్పుడు నాకు తెలిసింది, అచ్చెరువు నా ఒక్కదానిదే కాదని.

కొత్త రిపోర్టు ఆధారంగా ఫ్లాంజ్ ముఖాన్ని అక్కడికక్కడే చెక్కి చదును చేశారు. ఓబులేసు జట్టే మళ్ళీ బిగించింది. మూడో హైడ్రోటెస్టులో ఒక్క చుక్క రాలేదు. అతని ఇఖామా రద్దు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నా మొదటి రిపోర్టు "రద్దు" అన్న ముద్రతో ఫైల్లోనే ఉండిపోయింది. ఉండాలని నేనే అడిగాను.

మోడల్ ఆగిపోయిన ప్రతిసారీ దాన్ని అడ్డంకిగా చూడడం నేను మానుకున్నాను. తాకడం, విడిపోవడం మధ్య అది కొట్టుమిట్టాడుతోందంటే, అసలు యంత్రంలోనూ అక్కడ ఏదో జరుగుతూ ఉండవచ్చు. ఏ రెండు భాగాలను విడిపోకుండా అడ్డుకున్నానో రిపోర్టు మొదటి పేజీలోనే రాయడం అలవాటు చేసుకున్నాను. ఆ సంగతి రాయలేని రిపోర్టు మీద నేను మళ్ళీ సంతకం చేయలేదు.