ఏసీ నీళ్ల జొన్న మొక్క

మొన్న పంజాగుట్టలో నడుస్తుంటే పైనున్న ఏసీ నుంచి ఒక చుక్క మెడ మీద పడింది. చిన్నప్పుడు అమీర్‌పేటలో మేమున్న మూడో అంతస్తు ఇల్లు గుర్తొచ్చింది.

ఊరి నుంచి వచ్చిన కొత్తలో నాయనమ్మ, కంప్యూటర్ కోర్సులకు వచ్చే జనంలో ఒకసారి తప్పిపోయి దొరికింది. అప్పటి నుంచి అమ్మానాన్నలు ఆఫీసుకు పోతూ బయట తాళం వేసేవాళ్లు. సెలవుల్లో ఆమెతో పాటు నేనూ లోపలే.

"గడ్డేసి బర్రెను కట్టేసినట్టు కట్టేసిన్రు," అనేది.

కొంగున ముడేసి తెచ్చుకున్న జొన్నలను ఆమె ఒక మట్టి డబ్బాలో నాటి, పై అంతస్తు ఏసీ నీళ్లు పడేచోట, కిటికీ కడ్డీల దగ్గర పెట్టింది. మొలక వచ్చిన పొద్దున చేతులెత్తి దండం పెట్టింది. ఏసీయే దేవుడనుకుని నేనూ దానికి మొక్కాను.

నాన్న పకపకా నవ్వాడు. "ఏసీ నీళ్లకు మొక్కుతున్నవా అమ్మా?"

"నీళ్లకు గాదు కొడుకా. గిసొంటి నీళ్లు తాగి సుత పచ్చగ లేసింది సూడు, దానికి."

"దేవుడు లేడు, ఏం లేడే!"

"లేకుంటే లేకపాయె. ఇయ్యాల తాళం ఎయ్యకు, జర మట్టి తొక్కొస్త."

దేవుడు లేడని నేను ఇప్పటికీ వాదిస్తాను. కానీ ఆ వాదన గెలిచిన నాన్న ఆ రోజు కూడా తాళం వేసుకునే పోయాడు.

జొన్న మొక్క వెలుతురు కోసం కడ్డీల మధ్య నుంచి బయటికి వంగి పెరిగింది. దాని పక్కనే నాయనమ్మ చెయ్యి, మోచేతి దాకా, ఎండలో ఉండేది.