టవాలు కింద బేరం

ఆ రోజు మదనపల్లె ఆసుపత్రిలో ఉన్నాం. నా భార్య రేణుకకు ఆక్సిజన్ మాస్కు పెట్టారు, మాట్లాడే వీల్లేదు. పది గంటలప్పుడు దుప్పటి కింద నా చిటికెనవేలు పట్టుకుంది. చలేస్తోందేమో అనుకున్నాను. చెయ్యి విడిపించుకుని, దుప్పటి సరిచేసి, నర్సును పిలవడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి అయిపోయింది.

ఆ వేలు ఎందుకు పట్టుకుందో పదిరోజుల తర్వాత తెలిసింది.

మా చిన్నప్పుడు... తొంభైల్లో... ఎండాకాలం సెలవులకు నన్ను కుప్పం నుంచి పుంగనూరులో మా అవ్వ ఇంట్లో దింపేవాళ్ళు. రేణుక మా మేనమామ కూతురు. నాకు ఐదేళ్ళు, తనకు మూడు.

నడవలో తాత పక్షవాతంతో మంచంలో ఉండేవాడు. చిన్న సద్దుకే ఉలిక్కిపడేవాడు. అందుకని మామ మాకు సద్దు లేని ఆట ఒకటి నేర్పించాడు... పశువుల సంత.

మామ సంతలో ఆవులు కొని అమ్మేవాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. చేతుల మీద టవాలు కప్పుకుని, వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. మాకు దిండు ఆవు, ఇత్తడి చెంబు దూడ. ఒక వేలు పట్టుకుంటే ఒక చెనక్కాయ. అరచెయ్యి పట్టుకుంటే బేరం కుదిరినట్టు.

రేణుకకు బేరం కుదరడం ఇష్టముండేది కాదు. కుదిరితే దిండు తోలుకుపోవాలి, ఆట అయిపోతుంది. అందుకని అరచేతులు కలిపినాక కూడా మళ్ళీ నా చిటికెనవేలు పట్టుకునేది.

"కుదిరిపాయ కదా, ఇంకా యాల మే?" అని గొణిగేవాణ్ణి.

"ఇంకొకటి బావా..."

గడప దగ్గర బియ్యం ఏరుకుంటూ అవ్వ అనేది, "ఈ యమ్మి బేరం కుదిరేలోపల ఆవు ముసల్దయిపోతాది!" మంచంలో తాత కూడా నవ్వేవాడు... మూతి ఒక పక్కతోనే.

పెళ్ళయ్యాక ఆ ఆట మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. నేను మర్చిపోయాను. తను మర్చిపోలేదు.

మా పాపకు రెండున్నరేళ్ళు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా "సద్దు సేయాకమ్మా" అన్నారు. ఇప్పుడు అసలు సద్దే చేయడం లేదు. నేను చెయ్యి చాపితే వెనక్కి జరుగుతుంది. ఆడించడమంతా రేణుకే చూసుకునేది... నాకు చేతకాదు.

ఇంట్లో నెమ్మదిగా ఆడించే ఆటలు ఏమున్నాయని ఫోన్లో వెతికాను. ప్లాస్టిక్ వంట సామాన్లు, డాక్టర్ సెట్లు చూపించింది. అవి చూస్తూ ఉంటే టవాలు గుర్తొచ్చింది... ఆ వెంటనే దుప్పటి.

ఇప్పుడు సంతలో కూడా ఆ టవాళ్ళు తగ్గిపోయాయి. ధరలు ఫోన్లోనే చెప్పేసుకుంటున్నారు. మీ ఇళ్ళల్లో ఎవరైనా జబ్బుతో పడుకుని ఉన్నప్పుడు మిమ్మల్ని ఏ ఆట ఆడించేవాళ్ళు... రాయండి. నాకు అవసరం.

రేపు పొద్దున పాప లేవగానే దిండూ చెంబూ చాప మీద పెడతాను. మా ఇద్దరి చేతుల మీద టవాలు కప్పుతాను. తను ఏ వేలు పట్టుకున్నా... ముందుగా నేను చెయ్యి తీసుకోను.